బోసిమెడ రాజుకు క్షమాపణ

చరిత్రలో కొన్ని ఘట్టాలకు తేదీ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. తూకాల మిస్త్రీ చిల్లర చేతిలో పడగానే జేబులో వేసుకోవడం మానేసి, ఒక్కో నాణేన్నీ బొరుసు వైపు తిప్పి చూడడం ఎప్పుడు మొదలుపెట్టాడన్నది రెండో రకం ఘట్టం. దీనిమీద పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. పండితులంటే ఇద్దరే: ఆయన భార్య, వీధి చివరి కిరాణా కొట్టు యజమాని. ఈ అలవాటు పెళ్లినాటికే ముదిరిపోయి ఉందని భార్య వాదన. పెళ్లయ్యాకే మొదలైందని కొట్టు యజమాని వాదన. ఎవరి ఆధారాలు వారికున్నాయి.

పరిశోధన సౌలభ్యం కోసం ఆ అలవాటును మూడు యుగాలుగా విభజించుకోవచ్చు. మొదటి యుగంలో మిస్త్రీ తన చిల్లర మాత్రమే చూసేవాడు. రెండో యుగంలో, చూసినవాటిలో కొన్నిటిని ఖర్చుపెట్టకుండా ఇంటికి పట్టుకెళ్లేవాడు. మూడో యుగంలో పక్కవాళ్ల చిల్లర కూడా చూడడం మొదలుపెట్టాడు. వీధి జనం ఆయనకు ‘బొరుసు మావయ్య’ అని పేరు పెట్టింది ఈ మూడో యుగంలోనే. ఆ పేరు ఆయనకు తెలియదని జనం, తెలుసన్న సంగతి జనానికి తెలియదని ఆయన, చాలాకాలం సుఖంగా ఉన్నారు.

మూడో యుగానికి చెందిన ఒక సంభాషణ ఇది. స్థలం కిరాణా కొట్టు.

“మిస్త్రీ, చిల్లర సరిపోయిందా లేదా? నీ వెనకాల ఏడుగురున్నారు.”

“సరిపోయింది. ఇటు చూడు. దీని మీద కంకి కాస్త పక్కకి వంగింది. మిగతావాటి మీద నిటారుగా ఉంటుంది. అంటే మధ్యలో అచ్చు మార్చారన్నమాట.”

“కంకి వంగితే దాని విలువ తగ్గుతుందా?”

“తగ్గదు.”

“పెరుగుతుందా?”

“ఇప్పట్లో పెరగదు.”

“అయితే పక్కకి జరుగు నాయనా. అవతల అమ్మగారు నూనె సీసా పట్టుకుని నిలబడ్డారు.”

ఆ అమ్మగారు మాత్రం నూనె సీసా కింద పెట్టి, పర్సు తీసి, తన దగ్గరున్న నాణెం మీద కంకి ఎటు వంగిందో చూసుకుంది. మిస్త్రీ ఉద్యమానికి అది తొలి విజయమని చెప్పుకోవాలి. ఆవిడ ఎవరో ఏమో తర్వాత మళ్లీ కనపడలేదు.

మిస్త్రీ వృత్తి త్రాసులు బాగుచెయ్యడం. మేడమెట్ల కింద ఏడడుగుల గది, ఒక బల్ల, గోడకు వేలాడే పళ్లేలు, సైజు వారీగా కొయ్య పెట్టెలో పడుకున్న తూకపు రాళ్లు, పట్టకార్లు, ఒక దీపం. ముప్పై ఐదేళ్లుగా ఊళ్లో ఏ కొట్టు త్రాసు మొరాయించినా ఆ గదికే వస్తుంది. బాగైన త్రాసు మీద ఆయన చిన్న ఆకుపచ్చ చుక్క పెడతాడు. ఆ చుక్క ఉందంటే తూకం నిజమని లెక్క. ఒకసారి ఒక పెద్ద దుకాణందారు త్రాసు తెచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, “యాభై గ్రాములు మనవైపు మొగ్గేట్టు చూడు మిస్త్రీ, యాభయ్యేగా” అన్నాడు. మిస్త్రీ గొంతు ఏమాత్రం తగ్గించకుండా, “యాభయ్యే కదా, ఎదుటివాడి వైపు మొగ్గితే నీకేం పోతుంది?” అన్నాడు. దుకాణందారు త్రాసు పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ త్రాసు మీద ఆకుపచ్చ చుక్క లేదన్న సంగతి వారం తిరక్కుండా ఊరంతా గమనించింది.

ఆయన భార్య పుస్తకాల బైండింగు చేసే ప్రెస్సులో పనిచేస్తుంది. ప్రెస్సులో మిగిలిపోయిన కాగితపు అంచులు ఇంటికి తెచ్చి, రెండంగుళాల చదరంలో చిన్న చిన్న కవర్లు మడిచి, జిగురు పెట్టి, ఒక్కోదాని మీద రబ్బరు ముద్రతో వరస నంబరు వేస్తుంది. ఒక నాణేనికి ఒక కవరు. ఈ పని ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే, “లేకపోతే ఆయన చిల్లర నా పోపుల డబ్బాల్లో పోస్తారు” అంటుంది. అంతకుమించి కారణం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ మిస్త్రీ తూకం పద్ధతి వివరించాలి. అసలు కథంతా దానిమీదే ఉంది. నాణేన్ని వేళ్లతో తాకకూడదని ఆయన సిద్ధాంతం. వేలి చెమట లోహానికి పడదు. అందుకని నాణేన్ని కవరుతో సహా పళ్లెంలో పెట్టి తూస్తాడు. వచ్చినదాంట్లోంచి కవరు బరువు అర గ్రాము తీసేస్తాడు. మిగిలింది నాణెం బరువు. అది రిజిస్టరులో సిరాతో ఎక్కుతుంది. ఒకసారి ఎక్కాక ఆ నాణేన్ని మళ్లీ తూచడం ఉండదు. ఎందుకు తూచరని బావమరిది ఓసారి అడిగితే, “నీ పెళ్లి సంతకం మళ్లీ ఎప్పుడైనా పెట్టి చూసుకున్నావా?” అన్నాడు.

ఆరేళ్ల కిందట గ్రంథాలయం వెనక గదిలో మిస్త్రీ ఆదివారం తరగతి మొదలైంది. ఉదయం పది నుంచి పన్నెండు దాకా. రుసుము లేదు. పైగా వచ్చినవాళ్లకే ఆయన ఎదురు ఇస్తాడు. తన డబ్బాలోంచి ఒక అరిగిపోయిన పాత నాణెం తీసి చేతిలో పెట్టి, “ఇది మీదే. వారం రోజులు దగ్గర పెట్టుకోండి. వచ్చే ఆదివారం దీని గురించి ఐదు సంగతులు రాసుకురండి. పుస్తకం చూసి కాదు, దీన్ని చూసి” అంటాడు. నాణెం తీసుకున్నవాళ్లలో సగం మంది మళ్లీ కనపడరు. మిస్త్రీ దాన్ని నష్టంగా లెక్కెయ్యడు. ఒక నాణెం ఇల్లు మారింది, అంతే.

మళ్లీ వచ్చినవాళ్లలో సెలూన్ యజమాని ఒకడు. రెండో ఆదివారం తన నాణేన్ని రుమాల్లోంచి తీశాడు. గది గదంతా మెరిసింది. పళ్లపొడి వేసి అరగంట రుద్దాడట. మిస్త్రీ ముఖం మాత్రం శవాన్ని గుర్తుపట్టడానికి పిలిపించిన బంధువు ముఖంలా అయింది.

“ఏం చేశావయ్యా? నువ్వు కడిగేసింది మురికి కాదు. రెండొందల ఏళ్లు.”

“నా దగ్గరికొచ్చినవాణ్ని మాసిన మొహంతో బయటికి పంపడం నాకలవాటు లేదు మావయ్యా.”

ఇంకొకావిడ రెండో నంబరు బస్సు డ్రైవరు. ఆవిడ ఐదు సంగతులకు బదులు ఒకటే రాసుకొచ్చింది. “రాజు ముక్కు అరిగిపోయింది, చెవి అరగలేదు. ముక్కు ఎత్తుగా ఉంది కాబట్టి. మా బస్సు మెట్టు కూడా అంతే. మధ్యలో అరుగుతుంది, మూలల్లో పెయింటు అలాగే ఉంటుంది. ఇది చాలామంది చేతుల్లో తిరిగిన నాణెం.” మిస్త్రీ ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజంతా ఎవరు కనిపించినా తీసి చదివి వినిపించాడు.

అయినా మొదటి రెండేళ్లూ తరగతికి నిలకడగా వచ్చింది ఇద్దరే. మిస్త్రీ ఒకరు. గది తాళం ఉన్న గ్రంథాలయాధికారిణి రెండోవారు. ఆ సంఖ్యను ఏడుకు పెంచిన ఘనత బోసిమెడ రాజుది.

బోసిమెడ రాజు మూడొందల ఏళ్ల కిందటివాడు. అసలు పేరు పలకడానికి నోరు తిరగదు. నాణేల మీద తక్కిన రాజులంతా మెడనిండా హారాలతో ఉంటే, ఈయన ఒక్కడే ఏమీ లేకుండా అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా ఉంటాడు. అందుకని తరగతిలో ఆ పేరు ఖాయమైంది. ఈయనవి మిస్త్రీ దగ్గర మూడు వెండి నాణేలున్నాయి. రెండు ముందరి సంవత్సరాలవి, మూడోది పాలన ఆఖరి ఏడాదిది. రిజిస్టరు ప్రకారం మొదటి రెండూ పదకొండు పాయింట్ రెండు గ్రాములు. మూడోది పది పాయింట్ ఏడు.

అర గ్రాము తేడా. ముప్పై ఐదేళ్లు ఊరి తూకాలు సరిచేసినవాడికి ఆ తేడా ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. ఆఖరి ఏడాది ఆ రాజ్యంలో కరువొచ్చిందని ఏదో పుస్తకంలో ఒక వాక్యం దొరికింది. ఇంకేం కావాలి? కరువు, బోసిమెడ, అర గ్రాము, ఈ మూడూ కలిపి మిస్త్రీ ఒక సిద్ధాంతం కట్టాడు. ఖజానా ఖాళీ అయిన రాజు ఎవరికీ తెలియకుండా ప్రతి నాణెంలోనూ అర గ్రాము వెండి తగ్గించాడు. ముఖం అదే, మాట అదే, తూకం మాత్రం వేరు. దీని పేరు అర గ్రాము సిద్ధాంతం.

అక్షరాల వంపుల గురించి మిస్త్రీ రెండేళ్లు చెప్పినా గోడకు చెప్పినట్టే ఉన్న జనం, రాజు మోసం చేశాడనేసరికి కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. సెలూన్ యజమాని గడ్డం గీస్తూ ఒక్కో కస్టమరుకూ ఈ కథ చెప్పాడు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు విననివాడెవడు? నాలుగేళ్లలో బోసిమెడ రాజు ఊళ్లో ఇంటింటికీ తెలిసిన దొంగ అయ్యాడు. కొట్టు యజమాని పంచదార తక్కువ తూచాడని అనుమానం వస్తే, “నువ్వేమైనా బోసిమెడ రాజువా?” అనేవరకూ వెళ్లింది.

అంతా సవ్యంగా ఉన్న సమయంలో గ్రంథాలయాధికారిణి ఒక కబురు మోసుకొచ్చింది.

“మిస్త్రీగారూ, కమిటీవాళ్లు ఈ గది అడుగుతున్నారండి.”

“ఎవరికి?”

“కుర్చీలకి.”

“కుర్చీలు ఆదివారం పూట ఏం చదువుకుంటాయమ్మా?”

“విరిగిన కుర్చీలండి. చదువులగదిలో అడ్డం పడుతున్నాయి. పెట్టుకోడానికి చోటు లేదు.” ఆవిడే మళ్లీ, “నేను గట్టిగానే అడిగానండి. ఇక్కడ ప్రత్యేకమైనదేదో జరుగుతోందని మ్యూజియం నుంచి ఎవరైనా ఉత్తరం రాసిస్తే గది మీకే ఉంచుతామన్నారు. గాజు అలమర కూడా ఇస్తామన్నారు. లేకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి” అంది.

మిస్త్రీ గది చుట్టూ చూశాడు. సున్నం పెచ్చులూడిన గోడ, తెరుచుకోని ఒక కిటికీ, తెరిస్తే మూసుకోని ఒక కిటికీ. ఇంట్లో ఏడుగురు కూర్చునే చోటు లేదు. మెట్ల కింద గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటినుంచి వినాలి. ఈ గది పోతే తరగతి లేదు. తరగతి పోతే చిల్లర తిప్పి చూసే మనిషి ఊళ్లో మళ్లీ ఒక్కడే మిగులుతాడు. ఆ ఒంటరితనం రుచి ఆయనకు తెలుసు.

ప్రత్యేకమైనదంటే ఆయన దగ్గరున్నది ఒకటే: అర గ్రాము సిద్ధాంతం. మ్యూజియంలో నాణేల విభాగం చూసే అధికారిణికి ఉత్తరం రాశాడు. నెల చివరి ఆదివారం వస్తానని ఆవిడ జవాబిచ్చింది.

ఇక బావమరిది రంగంలోకి దిగాడు. అతనికి ఫొటోకాపీల కొట్టుంది. జీవితంలో ఏ సమస్యనైనా రెండొందల కాపీలు తీసి గోడలకు అంటిస్తే తీరుతుందని అతని నమ్మకం.

“బావా, ఊరికే మాట్లాడితే లాభం లేదు. అందరి ముందూ తూచి చూపించు. ముల్లు ఇటు వాలగానే జనం ‘హా’ అనాలి.”

“తూకం అంటే గారడీ కాదు.”

“నాకు తెలుసు బావా. జనానికి తెలియదుగా. ఆ అజ్ఞానాన్ని మనం వాడుకోవాలి.”

వద్దు వద్దంటూనే మిస్త్రీకి ఆ ఆలోచన నచ్చింది. అందరి కళ్లముందూ ముల్లు వాలడం. అదొక్కటి చాలు, మాటలక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో రిహార్సలు. బల్లకు ఒక కొసన మిస్త్రీ, చిన్న త్రాసు, మూడు కవర్లు. రెండో కొసన భార్య, కాగితాలు, జిగురు గిన్నె. ఫ్యాను ఆపేశారు, ముల్లు ఊగకుండా. మొదటి నాణెం కవరుతో పెట్టాడు, పదకొండు పాయింట్ ఏడు. అర గ్రాము తీస్తే పదకొండు పాయింట్ రెండు. రెండోదీ అంతే. గొంతు సవరించుకుని, ఎదురుగా లేని జనాన్ని ఉద్దేశించి, “ఇప్పుడు చూడండి” అని మూడోది పెట్టాడు.

పదకొండు పాయింట్ ఏడు.

మిస్త్రీ ముందు ముల్లును అనుమానించాడు. తర్వాత రాళ్లను. రాళ్లను గుడ్డతో తుడిచాడు. పళ్లేలు మార్చాడు. కిటికీ మూశాడు. తన మీద అనుమానం రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మనిషి సగటున తీసుకునే సమయం కన్నా అది తక్కువే. చివరికి తన సిద్ధాంతాన్ని తానే ఉల్లంఘించి, పట్టకారుతో నాణేన్ని కవరులోంచి తీసి ఒంటరిగా పళ్లెంలో పెట్టాడు. పదకొండు పాయింట్ రెండు.

“ఇదిగో, ఇటు చూడు” అన్నాడు.

భార్య జిగురు వేలు ఎత్తి పట్టుకుని వచ్చి చూసింది. “ఏమైందండీ?”

“రాజు బరువు పెరిగాడు.”

“చచ్చిపోయాక కూడానా?” అని, ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసుకుంది. “ఎప్పుడు కొన్నారు దీన్ని?”

రిజిస్టరు తీశాడు. పంతొమ్మిదేళ్ల కిందటి తేదీ. ఆవిడ ఆ తేదీ మీద వేలు పెట్టబోయి, జిగురు గుర్తొచ్చి, మోచేత్తో చూపించింది.

“ఆ నెలలో నేను ఇంట్లో లేను కదండీ. మా పెద్దక్క కాలు విరిగితే ఇరవై రోజులు అక్కడే ఉన్నాను. మీరు రోజూ బయట తిని కడుపు పాడుచేసుకున్నారు, గుర్తులేదూ?”

“అయితే?”

“అయితే ఏంటి? వెళ్లేముందే కవర్లు అయిపోయాయి. వచ్చాకే మడిచాను. మీరిది తూచిననాటికి ఇంట్లో ఒక్క కవరూ లేదు.” తర్వాత ఆవిడ చేసిన పని, ఆరేళ్ల తరగతిలో ఏడుగురిలో ఎవరికీ ఇంకా చేతకాని పని. రిజిస్టరు గడులన్నీ అడ్డంగా చదివింది. “చూడండి. తేదీ, బరువు నల్లసిరా. కవరు నంబరు నీలం సిరా. రెండొందల పన్నెండు. దీనికి ముందు రెండొందల పదకొండు, తర్వాత పదమూడు. ఆ రెండు నంబర్ల నాణేలూ నేనొచ్చిన తర్వాత తూచినవి. అంటే నంబరు తర్వాత రాశారు. కవరు లేకుండా తూచారు. తూచి...”

“అలవాటుగా అర గ్రాము తీసేశాను” అన్నాడు మిస్త్రీ.

మూడొందల ఏళ్ల కిందటి రాజు వెండి తియ్యలేదు. తీసింది మిస్త్రీ. అదీ కూడికలో కాదు, తీసివేతలో.

సరిగ్గా ఆ సమయానికి బావమరిది పోస్టర్లతో వచ్చాడు. ‘జనాన్ని మోసగించిన రాజు! ఆదివారం మీ కళ్లముందే తూకం!’ రెండొందల కాపీలు. అందులో నూట ఎనభై అప్పటికే గోడలెక్కాయి. జరిగింది విని, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూలబడ్డాడు.

“ఎవరికి తెలుసు బావా? నీకు తెలుసు, అక్కకి తెలుసు, నాకు తెలుసు. రాజుకి తెలుసు, ఆయన వచ్చి చెప్పడు.”

“మ్యూజియం ఆవిడ తూస్తే?”

“నువ్వు తూకం ఎత్తకు. కథ చెప్పి ఊరుకో. ఉత్తరం చేతికొచ్చాక, గది ఖాయమయ్యాక, మెల్లగా ఏ పండగ సెలవుల్లోనో రాజుని విడుదల చేద్దాం. అర గ్రాముకి ఇంత రాద్ధాంతమా?”

మిస్త్రీ పట్టకారుతో నాణేన్ని మళ్లీ కవరులో పెట్టాడు. తర్వాత, “యాభై గ్రాములేగా అన్నవాణ్ని తిప్పి పంపాను. వాడు నాకన్నా వంద రెట్లు మేలు, నిజంగా యాభై అడిగాడు” అన్నాడు.

“లెక్క బాగానే వచ్చు నీకు” అని బావమరిది నిట్టూర్చాడు. “మరి గది?”

“కుర్చీలకి.”

బావమరిది అక్కవైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పక్కా.”

“నేనేం చెప్పను? ఆయన చెప్పకపోతే నేను చెబుతాను. మా అక్క కాలు విరిగిన సంగతి మధ్యలోకొచ్చిందిగా” అని ఆవిడ మళ్లీ కవర్లు మడవడానికి కూర్చుంది.

ఆదివారం ఆ గదికి నలభై మంది వచ్చారు. పోస్టర్ల శక్తిని బావమరిది ఎన్నడూ తక్కువ అంచనా వెయ్యలేదు, ఆ రోజు ఆ నిజమే అతన్ని బాధపెట్టింది. మ్యూజియం అధికారిణి గొడుగు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మిస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక కాగితం విప్పి, నిలబడి చదివాడు.

“ఈ గదిలోనూ, సెలూన్లోనూ, కిరాణా కొట్టు దగ్గరా, రెండో నంబరు బస్సులోనూ నాలుగేళ్లుగా బోసిమెడ రాజుగారి మీద వెండి దొంగిలించారన్న అభియోగం నడుస్తోంది. ఆ అభియోగం నాది. తప్పు కూడా నాదే. రాజుగారి ఆఖరి ఏడాది నాణెం బరువు పదకొండు పాయింట్ రెండు గ్రాములు. కరువులో కూడా ఆయన తూకం తప్పలేదు. నేను తప్పాను. వారి వారసులెవరైనా ఈ సభలో ఉంటే మన్నించాలి.”

వారసులెవరూ లేచినట్టు లేదు. తర్వాత మిస్త్రీ నల్లసిరా, నీలం సిరా, రెండొందల పన్నెండో నంబరు కవరు కథ మొదటినుంచి చివరిదాకా చెప్పి, నాణేన్ని తూచి చూపించాడు. ముల్లు ఎటూ వాలలేదు. ఎవరూ ‘హా’ అనలేదు. మోసం చూడ్డానికొచ్చినవాళ్లు ఇరవై మందిదాకా లేచి వెళ్లిపోయారు.

“ఎంత పని చేశావు మావయ్యా!” అన్నాడు సెలూన్ యజమాని. “ఎన్ని వందల గడ్డాలకి చెప్పానో తెలుసా? ఇప్పుడు వాళ్లందరికీ మళ్లీ గడ్డాలు పెరిగేదాకా ఆగాలి.”

కిరాణా కొట్టు యజమాని మాత్రం లేచి, “నన్నిక ఆ పేరుతో ఎవరూ పిలవకూడదు. అది కూడా రాసుకోండి” అన్నాడు.

మ్యూజియం అధికారిణి లేచి బల్ల దగ్గరికొచ్చి రిజిస్టరు అడిగింది. ముప్పావుగంట తిరగేసింది. తర్వాత బల్ల మీదున్న కొత్త కవర్ల కట్ట చూసి, “ఈ కవరు బరువెంతండీ?” అంది.

“అర గ్రాము.”

“ఎప్పుడు తూచారు?”

“మొదటి రోజు.”

“ఎన్నేళ్లయింది?”

“ఇరవై ఆరు.”

ఆవిడ కట్టలోంచి ఒక ఖాళీ కవరు తీసి పళ్లెంలో పెట్టింది. అర గ్రాము రాయి ఉన్న పళ్లెం కిందికే ఉండిపోయింది. మిస్త్రీ రాళ్లు మార్చాడు. పాయింట్ నాలుగు.

గదిలో మిగిలిన ఇరవై తలలూ మూడో వరసలో కూర్చున్న ఆయన భార్యవైపు తిరిగాయి.

“నన్ను చూస్తారేం?” అందావిడ. “ఆ మందం కాగితం ప్రెస్సులో మానేసి తొమ్మిదేళ్లయింది. ఆయనకి అప్పుడే చెప్పాను.”

“ఎప్పుడు చెప్పావు?”

“మీరు బొరుసు చూస్తున్నప్పుడు.”

ఆ విధంగా, ఒక రాజు నిర్దోషిగా విడుదలైన గంటలోపే, తొమ్మిదేళ్లుగా రిజిస్టరుకెక్కిన నాలుగొందల ముప్పై నాణేలూ, వాటి మీదున్న రాజులూ రాణులూ, ఒకటి రెండు ప్రజాప్రభుత్వాలూ, తలా పాయింట్ ఒకటి గ్రాము తక్కువగా తూగినట్టు తేలింది. బస్సు డ్రైవరు లేచి, పట్టకారు చేతిలోకి తీసుకుని, “ఎక్కడినుంచి మొదలెడదాం మావయ్యా?” అంది. అడిగింది మామూలుగానే, బస్సు ఏ స్టాపు నుంచి అన్నట్టు.

“కవరు తొమ్మిదొందల ఒకటి నుంచి” అన్నాడు మిస్త్రీ, రిజిస్టరులో తొమ్మిదేళ్ల కిందటి పేజీ తీసి.

మ్యూజియం అధికారిణి ఉత్తరం పది రోజులకు వచ్చింది. గ్రంథాలయాధికారిణి దాన్ని తరగతిలో గట్టిగా చదివింది. అందులో ఇలా ఉంది: ‘ఇక్కడ గాజు అలమరలో పెట్టదగ్గ అరుదైన నాణెమేదీ నాకు కనిపించలేదు. తప్పు తెలిస్తే ఆ తప్పు ఎలా జరిగిందో కూడా సిరాతో రాసే రిజిస్టరు ఒకటి కనిపించింది. అలాంటిది మా దగ్గర లేదు. తిరిగి తూచే పని జరుగుతోంది. ఆ పని పూర్తయ్యేవరకు గది వారికి ఉంచడం మంచిది.’

ఇప్పుడు ప్రతి ఆదివారం ముగ్గురు మనుషులు ఒక్కో నాణేన్నీ విడివిడిగా తూచి, ముగ్గురూ ఒకే అంకె చెబితేనే రిజిస్టరులో రాస్తారు. కవరు బరువుకు కొత్తగా ఒక గడి గీశారు. అందులో రాసేది మిస్త్రీ భార్య. ఈ లెక్కన ఆదివారానికి పది నాణేలవుతాయి. వేగం పెంచవచ్చని సెలూన్ యజమాని ఒకసారి సూచించాడు. మిస్త్రీ వినిపించుకోలేదు. వచ్చేవాళ్లు ఏడుగురి నుంచి ఐదుగురయ్యారు, తర్వాత తొమ్మిదిమంది అయ్యారు.

గ్రంథాలయ కమిటీ ఉత్తరాన్ని చర్చించి, గదిని తూకం పని పూర్తయ్యేవరకు నాణేల తరగతికి కేటాయిస్తూ తీర్మానించింది. గాజు అలమర ఇవ్వలేదు. విరిగిన కుర్చీలు కూడా ఆ గదిలోనే పెట్టారు. మొత్తం పదకొండు. వాటిలో నాలుగింటి మీద కూర్చోవచ్చు.